వెనక చక్రం బ్రేకు

మరిది మెకానిక్కయిన ఇంట్లో కారుకి బయట వైద్యం ఉండదు. రామతులసి ఎన్నిసార్లు మొత్తుకున్నా భర్త సత్యప్రసాద్‌ది ఒకటే పాట. "మన బుల్లబ్బాయి షెడ్డు పెట్టుకుని కూర్చుంటే పైవాళ్ల దగ్గరికెళ్తావా? ఊళ్లో ఏమనుకుంటారు?" ఆయన ఉద్యోగం ధవళేశ్వరంలో, ఇంటికొచ్చేది ఆదివారాలు. మలికిపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి రోజూ కారు తోలుకెళ్లి, పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో పిల్లలకి లెక్కలు చెప్పి వచ్చేది రామతులసి. ఊళ్లోవాళ్లేమనుకుంటారో అన్న బెంగ మాత్రం ఆయనది.

కారు పాతది. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులే. ఒకపక్క సముద్రం మీద నుంచి ఉప్పుగాలి, ఇంకోపక్క రొయ్యల వ్యాన్లు రోడ్డు పొడుగునా కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు. ఏ ఇనుము మాత్రం ఎన్నాళ్లాగుతుంది? చలికాలం వెళ్లేసరికి కుడి వెనక చక్రం పట్టేసినట్టు ఈడవడం మొదలుపెట్టింది. దిగి చూస్తే చక్రం దగ్గర మాడు వాసన. రామతులసి కారుని బుల్లబ్బాయి షెడ్డులో వదిలింది. మర్నాడు సాయంత్రానికే తాళాలు చేతిలో పెట్టాడు.

"వెన్నలా నడుస్తుందొదినా. ఇంక చూసుకోనక్కర్లేదు."

నిజంగానే ఈడవడం పోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగితే బిర్రుగా వచ్చింది. రామతులసి నమ్మింది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండేది ఇలా నమ్మినందుకే.

ఆ సోమవారం కారులో అత్తగారు అప్పాయమ్మ కూడా ఉంది. ఆవిడకి మోకాళ్లు వంగవు, ఎప్పుడూ తీసుకెళ్లే ఆటో ఆ పూట రాలేదు. నరసాపురంలో డాక్టరుకి చూపించాలి. పంటు మీదకి ఆఖరున ఎక్కింది వీళ్ల కారే. ఎండ అప్పుడే చురచురలాడుతోంది. రోజూలా ఇంజన్ ఆపి గేరులో వదలకుండా, ముసలావిడకి ఏసీ ఉండాలని ఇంజన్ నడుస్తుండగానే గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేక్ మొదలంటా లాగి, రామతులసి టిక్కెట్టు కోసం దిగింది.

పంటు కదిలింది. కదలడంతోనే వెనక్కి కాస్త వాలింది. ఎవరో కేకేశారు. రామతులసి తిరిగి చూసేసరికి కారు తనంతట తాను వెనక్కి పోతోంది. వెనకాల ఒక్క గొలుసు, ఆ గొలుసు అవతల గోదావరి. టిక్కెట్లు కోస్తున్న విజయ్ పాల్ చేతిలో సంచీ అక్కడే పారేసి, చెక్కదిమ్మ ఒకటి లాక్కెళ్లి టైరు కింద తోశాడు. గొలుసుకి జానెడు దూరంలో కారు ఆగింది.

లోపల అప్పాయమ్మకి ఏమీ తెలియలేదు. అద్దం దించి, "అప్పుడే రేవొచ్చేసిందేంటే?" అని అడిగింది.

విజయ్ పాల్ బోర్లా పడుకుని కారు కిందకి చూసి లేచాడు.

"మేడంగారూ, హ్యాండ్‌బ్రేక్ తీగ చక్రాలకి లేదండి. కింద చట్రానికి కట్టేసుందండి."

"ఊడిపోయిందా?"

"ఊడితే వేలాడతదండి. ఇది ఎవరో పనిగట్టుకుని బిగించి కట్టారండి."

అవతలి రేవుకి చేరేదాకా రామతులసి కారులో కూర్చుని బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. భయం గోదావరి సగం దాటేదాకానే ఉంది. ఆ తర్వాత ఉన్నదంతా కోపమే. డాక్టరు ఏం చెప్పాడో చెవికెక్కలేదు. తిరుగుదారిలో పంటు ఊసెత్తకుండా, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా షెడ్డు ముందు ఆపింది.

బుల్లబ్బాయి టీ తాగుతున్నాడు. "ఏంటొదినా, మళ్లీ ఏమొచ్చింది?"

"జాకీ ఎక్కించు."

"రేపు తీరిగ్గా..."

"ఇప్పుడే ఎక్కించు. చక్రం విప్పు."

ఆ గొంతు అతనెప్పుడూ విన్నది కాదు. గ్లాసు పక్కన పెట్టి చక్రం విప్పాడు. రామతులసి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నేల మీదే కూర్చుని చూసింది. డిస్కుని పట్టి ఆపాల్సిన కాలిపర్ ఎర్రగా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. దానికి వెళ్లే బ్రేక్ ఆయిల్ గొట్టం మూతి బిగించేసి ఉంది. అంటే కాలితో తొక్కినా ఆ చక్రానికి బ్రేకు లేదు. హ్యాండ్‌బ్రేక్ తీగలు రెండూ కలిపి చట్రానికి చుట్టి ఉన్నాయి.

"కాలిపర్ లోపలి పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోయిందొదినా," అన్నాడు బుల్లబ్బాయి తల గోక్కుంటూ. "ఎడమవైపు హ్యాండ్‌బ్రేక్ లివరూ అంతే. విప్పదీసి బాగుచేద్దామంటే సామాను రాజమండ్రి నుంచి రావాలి. మీరేమో కారు కావాలని తొందరపడ్డారు. ఇంకా మూడు చక్రాలకి బ్రేకు ఉందిగా అని..."

"మరి ఆ తీగలు చట్రానికెందుకు కట్టావు?"

"లోపల హ్యాండ్‌బ్రేక్ లూజుగా వస్తే మీరు ఊరుకోరు కదా!"

ఎంత ముద్దుగా చెప్పాడో చూడండి! అడక్కుండా ఉండేందుకు కట్టాడట. రామతులసి పక్కనున్న స్పానరు చేతిలోకి తీసుకుంది. ఏం చేస్తుందో ఆమెకే తెలియలేదు. మళ్లీ కింద పెట్టేసి, పిస్టన్ మీది రబ్బరు తొడుగు చూపించింది. అది ఉబ్బి, పెదవి విరిచినట్టు పక్కకి తెరుచుకుపోయి ఉంది.

"ఇదెందుకిలా అయింది?"

"నూనె తగిలితే ఆ రబ్బరు అంతేనొదినా. ఉబ్బుతుంది. ఆ సందులోంచి నీళ్లు దిగి..."

"ఏ నూనె?"

ఏటా వానలకి ముందు, తుప్పు పట్టకుండా అంటూ కారు అడుగంతా మాడిపోయిన ఇంజన్ ఆయిల్ కొట్టేది ఇతనే.

"తెలిసే కొట్టావన్నమాట!"

"అందరి బళ్లకీ అలాగే కొడతామొదినా." పొద్దున పంటు మీద కారు గొలుసు దాకా జారిన సంగతి రామతులసి చెప్పింది. కారులో కూర్చున్న తల్లి వైపు చూసేసరికి అతని మొహం పాలిపోయింది. "అయ్యో, అమ్మ ఎక్కుతుందని తెలిస్తే అలా చేసిచ్చేవాణ్ణా?"

"నేనెక్కుతానని తెలుసుగా."

మా బుల్లోడి చెయ్యి పడితే మోడువారిన ఇంజనైనా లేస్తుందని వీధి వీధంతా చెప్పుకునే అప్పాయమ్మ, తెరిచిన అద్దంలోంచి అంతా వింది. విని మొహం అటు తిప్పుకుంది.

సత్యప్రసాద్ ఫోన్ చేసి, "పోనీలే, వాడి సంగతి తెలిసిందేగా, ఇప్పుడైనా బయట చేయించు," అన్నాడు. రామతులసి ఒప్పుకోలేదు. పాడుచేసినవాడే, తన కళ్లెదుటే విప్పాలంది. సామాను వచ్చాక షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంది. బుల్లబ్బాయి రెండు కాలిపర్లూ విప్పి, తుప్పు గీకి, పిస్టన్లు, రబ్బర్లు కొత్తవి వేశాడు. కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులకి, రబ్బరుని తినని గ్రీజు డబ్బా తెరిచి చూపించాక గానీ రాయనివ్వలేదు. ఇకమీదట అడుగున నూనె చుక్క పడడానికి వీల్లేదని, ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన రోజున మంచినీళ్లతో కడిగి, చక్రాలు ఆరేదాకా బ్రేకు తొక్కుతూ కాసేపు తోలి మరీ నిలబెడతానని చెప్పింది. అతను దేనికైనా "సరే వదినా" అన్నాడు. ఆ సరే వింటుంటే ఆమెకి ఇంకా మండింది.

"ఇంక ఎక్కమ్మా, ఢోకా లేదు," అన్నాడు చివరికి తల్లితో.

"ముందు వీణ్ణి ఎక్కించవే తులసీ," అంది అప్పాయమ్మ.

మర్నాడు పంటు మీదకి మళ్లీ ఆఖరునే ఎక్కారు. అప్పాయమ్మని దింపి, టిక్కెట్ల బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. బుల్లబ్బాయి వెనక సీట్లో కూర్చున్నాడు. రామతులసి గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, దిగి తలుపు వేసేసింది. విజయ్ పాల్ చెక్కదిమ్మతో వచ్చాడు.

"పట్టుకునే ఉండు నాయనా. జారితేనే వెయ్యి," అంది రామతులసి.

పంటు కదిలింది, వెనక్కి వాలింది. కారు కదల్లేదు. అయినా బుల్లబ్బాయి మెడ తిప్పి గొలుసు వైపే చూస్తున్నాడు. అద్దం కిందకి దిగింది.

"వదినా, ఆ దిమ్మ వేసెయ్యమనండి."

"నువ్వు చేసిన పనేగా. నమ్మకం లేదా?"

"ఉందొదినా. అయినా వెయ్యమనండి."

రామతులసి అద్దం దగ్గరికి వంగింది.

"ఇన్నాళ్లూ ఆ దిమ్మ లేకుండానే నేను దాటాను బుల్లబ్బాయ్. కూర్చో."

అతను తల్లి వైపు చూశాడు. అప్పాయమ్మ కొడుకునే చూస్తోంది. దిమ్మ వెయ్యమని మాత్రం ఆవిడ కూడా అనలేదు.