ముందే తగిలే దెబ్బలు

పొద్దున్నే చాయ్ పెట్టే ముందు కమ్లి తన ఆడబిడ్డ జంపక్క ఒళ్ళంతా ఒకసారి చూస్తుంది. ఆ ఇంట్లో ఎవరికి ఏ దెబ్బ తగలాలన్నా ముందు జంపక్క ఒంటి మీద తేలుతుంది. సాయంత్రంలోగా తగలాల్సినవాళ్ళకు తగలగానే ఆమెకు మానిపోతుంది. ఇల్లందు పక్కనున్న ఆ తండాలో దాన్నెవరూ వింతగా చూడరు. వానొస్తుందేమోనని మబ్బు చూసినట్టు చూసి, పనుల్లోకి పోతారు.

ఆ రోజు జంపక్క ముక్కు ఓ పక్కకు వంగిపోయి ఉంది. గడ్డం దాకా నెత్తురు. రెండు ముంజేతులూ కాలి, తోలు లేచింది. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా సీటుబెల్టు వెడల్పున కమిలిపోయింది.

"తమ్మునిది," అంది జంపక్క, ముక్కుకు గుడ్డ అదుముకుంటూ.

మోతీలాల్ కమ్లి మొగుడు, జంపక్కకు ఒక్కడే తమ్ముడు. కారు కిరాయికి నడుపుతాడు. ఆ బెల్టు మచ్చ చూడగానే తన కారుకే ప్రమాదమని అతనికి అర్థమైంది. రెండు నెలల కింద అతని దోస్తు బొజ్జయ్య మణుగూరు రోడ్డు మీద ఎద్దును గుద్దాడు. ఎద్దు మెడ విరిగి బానెట్ మీద పడింది. ఎయిర్‌బ్యాగ్ పేలి బొజ్జయ్య ముక్కు చితికింది, చేతులు కాలాయి. అప్పట్నుంచి అతనిది ఒకటే మాట: "ఎద్దు నన్నేం జెయ్యలే. గా బ్యాగే నా మూతి పలగ్గొట్టింది. స్టీరింగ్‌ల బాంబు పెట్టుకొని తిరుగుతున్నం."

"ఇయ్యాల బండి తియ్యకు," అంది కమ్లి.

"ఇంట్లుంటే ఆగుతదా? పోయినేడు గిట్లనే భయపడి ఇంట్ల పండుకుంటే నా మీద దూలం పడి కాలిరగలే? గా బ్యాగే లేకుంటే ముక్కెట్ల పగుల్తదో చూస్త."

నేరుగా మెకానిక్ ఎల్లస్వామి షెడ్డుకు పోయాడు. ఎయిర్‌బ్యాగ్ తీసెయ్యడానికి ఎల్లస్వామి ఒప్పుకోలేదు.

"బెల్టు పెట్టుకో. స్టీరింగ్ మీద పడి కూసోకు, సీటు ఎనక్కి జరుపు. ముక్కు పగిల్తే అతుకుతది. బొజ్జయ్య గట్ల చెప్పుకుంట తిరుగుతున్నడంటే బతికున్నడు గనకనే గద!"

"నా బండి, నా ముక్కు. తియ్యన్నా!"

ఎల్లస్వామి తిట్టుకుంటూ బ్యాటరీ విప్పాడు. కాసేపాగి స్టీరింగ్ వెనక ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గు ఊడదీశాడు.

వెంటనే ఫోన్ మోగింది. అవతల కమ్లి అరుపు.

"ఏం జేసినవ్? వదినె ముక్కు సక్కగైంది, గని రొమ్ము లోపలికి పోయింది! గుండ్రంగ స్టీరింగ్ అచ్చు పడింది! నొసలు పగిలి బొక్క కనపడుతుంది! నోట్లకెళ్ళి నురగ, నెత్తురు... కండ్లు తేలేసింది!"

ఫోన్‌లో ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడు. ఆ వెనకే అక్క గురక. ఆ గురక ఆగి ఆగి వస్తోంది.

మోతీలాల్ ఎల్లస్వామి కాలర్ పట్టుకుని కారు తలుపుకేసి గుద్దాడు. "పెట్టు! జల్దీ పెట్టు!"

ఎల్లస్వామి మళ్ళీ స్టీరింగ్ వెనక చెయ్యి పెట్టాడు. ప్లగ్గు రెండుసార్లు జారి, మూడోసారి దిగింది. బ్యాటరీ బిగించాడు. ఫోన్‌లో గురక కూడా లేదు. తర్వాత ఒక దగ్గు.

"మల్ల ముక్కే," అంది కమ్లి ఏడుస్తూ. "ముక్కు, చేతులు, బెల్టు మచ్చ. గంతే."

మోతీలాల్ సీటు వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, అక్కను చూడాలని ఇంటికి బయల్దేరాడు. అడవి మలుపులో బొగ్గు టిప్పర్ అదుపు తప్పి ఎదురుగా వచ్చింది. తప్పించే చోటు లేదు. బానెట్ నలిగి పైకి లేచింది, అద్దం బీటలు వారింది, పక్క సీటు అణిగి రేకుల ముద్దయింది. ఢామ్మని తెల్లటి సంచి ఉబ్బి అతని మొహాన్ని గుద్దింది. ముక్కు ఎముక విరిగిన చప్పుడు తన చెవులకే వినిపించింది. బెల్టు భుజం నుంచి నడుము దాకా ఒరుసుకుపోయింది, ముంజేతులు భగ్గుమన్నాయి.

టిప్పర్ క్లీనర్ తలుపు పీకి అతన్ని బయటికి లాగాడు. మోతీలాల్ రోడ్డు మీద కూలబడ్డాడు. మీసాల నిండా సంచిలోంచి రాలిన తెల్లటి పొడి, దాని మీద నెత్తురు. జేబులో ఫోన్ మోగింది.

"పగిలిందా?" అంది కమ్లి.

"పగిలింది."

"అవ్, వదినె గిప్పుడే లేచి మొకం కడుక్కుంటుంది. నిన్ను దవాఖానాకు పొమ్మంటుంది."

అతను ఫోన్ చెవికి పెట్టుకునే, కాలిన చేత్తో రొమ్ము మీద ఒక్కో ఎముకా తడుముకుంటున్నాడు.