మేనమామ రావాలని

ప్రాజక్తకు రెండున్నరేళ్లు. ఎముకలు రాయిలా గట్టిపడి లోపలి మూలుగకు చోటు లేకుండా చేసే జబ్బు. ఆ ఎముకే కంటినరాన్ని నొక్కేస్తోందని, ఎడమకన్ను అప్పటికే పోయిందని, కుడికన్నయినా దక్కాలంటే సోమవారమే చేర్చమని డాక్టరమ్మ చెప్పింది. మూలుగలో కొత్తగా నాటాల్సిన మూలకణాలు అమ్మవైనా నాన్నవైనా బిడ్డకు సగమే కలుస్తాయట. ఆ సగమే చాలని తండ్రి సురేష్‌వి ఎంచుకున్నారు. అతను పరీక్షకు రక్తమిచ్చి, "సోమవారం చేర్చు, నేనొస్త" అని భార్య మమతకు చెప్పి పుణేలో బిల్డింగు సైటుకు వెళ్లాడు.

మమత చేర్చలేదు. కణాలు నాటే ముందిచ్చే మందులకు జుట్టంతా రాలిపోతుందని నర్సు అంది. పిల్లకింకా పుట్టువెంట్రుకలు తీయలేదు. మేనమామ ఒళ్లో తీయాల్సినవి ఆసుపత్రి దిండు మీద రాలడమా?

"మామ లేకుంటే ఏమాయె? కిందనే సలూన్ ఉన్నది, చలో" అంది అత్త ముత్తమ్మ. బొంబాయి కామాటిపురలో ఇరుకు గదుల చాల్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఈవిడకు పద్ధతులేం తెలుసనుకుంది మమత.

"మా అన్న రావాలె అత్తమ్మా. నా బిడ్డకు ఎవరూ లేరా?"

ఆ అన్న పాలమూరులో స్లాబు పని ఒప్పుకుని, రేపూ ఎల్లుండీ అంటూ ఇరవై రోజులకు గానీ రైలెక్కలేదు. సురేష్‌కు మాత్రం మమత ఆసుపత్రిలో మంచం దొరకలేదని చెప్పింది. అన్న వచ్చి కొత్తబట్టలు పెట్టాడు, మొదటి కత్తెర వేశాడు. ఫోటోలు బాగా వచ్చాయి.

చేర్చిన నలభయ్యో రోజున డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. సురేష్ కణాలు నాటుకున్నాయి, పిల్ల బతుకుతుంది. అతను గోడకానుకుని ఏడ్చాడు. మమతకు ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు.

"మరి కుడికన్ను?" అని సురేషే అడిగాడు.

"పోయిన చూపు రాదు. మంచం సిద్ధంగానే పెట్టాం, ఆ సోమవారమే తెచ్చి ఉంటే దక్కేదేమో" అని ఆవిడ వెళ్లిపోయింది.

సురేష్ భార్య వైపూ తల్లి వైపూ తిరిగాడు. "మంచం ఉండెనట. ఎవరాపిన్రు?"

మమత పిల్ల గది వైపు తిరిగింది.

"నేనే ఆపిన రా. పుట్టెంటికలు మామ ఒళ్లోనే తియ్యాలంటి" అంది ముత్తమ్మ.

"సల్లగుండ నీ ఆచారం! బిడ్డ కన్ను దీస్తివి గదనే అమ్మా!"

వరండాలో అందరూ చూస్తుండగా అతను కేకలేస్తూనే ఉన్నాడు. ముత్తమ్మ తల వంచుకుని నిలబడింది. మమత అంతా విన్నది. ఆ రోజూ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు.