అమ్మకు పది మార్కులు

నేను చెప్పే కథలో ఆవగింజంత అబద్ధం దొరికితే మీసం తీయించుకుంటాను. వినండి.

బడిలో భాష చెప్పే టీచరమ్మ ఒకావిడ. ఏడాది చివరి పరీక్షకు ప్రశ్నలు తయారుచేసే పని ఎప్పుడూ ఆవిడ నెత్తినే. ఆ సాయంత్రం పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, గట్టు మీద కాగితాలు పరుచుకుని పది మార్కుల 'మా అమ్మ' వ్యాసానికి నమూనా జవాబు రాస్తోంది. పోయినేటి పేపరే తేదీ మార్చి ఇచ్చెయ్యక ఇంత తతంగమెందుకని ముందుగదిలోంచి మొగుడు అన్నాడు. కాగితాలు తర్వాత నలుపుదువుగాని, ముందు వాడికి వడ్డించమ్మా అంది అత్తగారు. వడ్డించింది. అత్తగారికీ కూతురికీ కూడా వడ్డించి, గోడకు చేరబడి మళ్లీ కలం పట్టింది. అమ్మ అందరికన్నా ముందు లేస్తుంది, రెండు మార్కులు. అందరూ తిన్నాక తింటుంది, రెండు మార్కులు. అప్పుడు ఆవిడ కడుపు ఎంత గట్టిగా కూసిందంటే వీధి చివర కుక్క ఉలిక్కిపడి మొరిగింది. (మీసం సంగతి అడక్కండి, నాకది మొదటినుంచీ లేదు.) కలం ఆగింది. ఇన్నేళ్లుగా నేను మార్కులేస్తున్నది దీనికా అనుకుంది టీచరమ్మ. ఆకలితో ఉన్న ఆడదాన్ని తప్పుల్లేకుండా పొగిడితే పూర్తి మార్కులు. 'మా అమ్మ పొద్దెక్కాక లేస్తుంది' అని రాసిన పిల్లకు మార్కులు కోసిందీ తనే. ఆ తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వస్తుందని తెలిసీ కోసింది. నమూనా జవాబులో లేదు మరి.

మర్నాడు హెడ్మాస్టారికిచ్చిన పేపర్లో ఆ వ్యాసం లేదు. దాని బదులు నోటిపరీక్ష: మీ అమ్మకు ఏమిష్టమో ఆమెనే అడిగి, వచ్చి క్లాసులో చెప్పండి. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకున్నారు.

"జవాబు లేని ప్రశ్నకు మార్కులెలా వేస్తావమ్మా?"

"జవాబుంది మాస్టారూ. నా దగ్గర లేదంతే."

గొణుగుతూనే సంతకం పెట్టారు. టీచరమ్మకు నెత్తి మీది మూట దించినట్టయింది.

కూతురిదీ అదే బడి, ఆ పరీక్ష ఉన్న క్లాసే. పరీక్ష ముందురోజు సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "అమ్మా, నీకేమిష్టం? రేపు చెప్పాలి."

ఎవరూ అడగని మాట. టీచరమ్మ లోపలంతా వెతుక్కుంది. చీరలా, పాటలా, ప్రయాణాలా? దొరికింది వేరే.

"వేడివేడిగా తినడం."

అని ఊరుకోలేదు. కంచం తీసి, ముందు తనకే వడ్డించుకుని కూర్చుంది. అత్తగారు ఏదో అనబోయి, జరిగి చోటిచ్చింది. మొగుడు మారుమాట లేకుండా లేచి తనే వడ్డించుకున్నాడు.

ఇందులో నేను నిజంగా కల్పించింది ఆ చివరి మాట. ఆయన లేవలేదు. మరి నా సంగతేమిటన్నాడు.

"గిన్నెలు అక్కడే ఉన్నాయి" అని ఆవిడ ఇంకో ముద్ద కలుపుకుంది.