పెద్ద తలుపు సంప్రదాయం

మా హైస్కూలుకు రెండు తలుపులున్నాయి. ముందున్న పెద్దది మూసి ఉంచడానికి, వెనకున్న చిన్నది వాడుకోవడానికి. విద్యార్థి అనేవాడు పెద్ద తలుపులోంచి జన్మలో ఒక్కసారే నడవాలి. అదీ పదో తరగతి పూర్తిచేసి బయటికి వెళ్ళేరోజున. దాన్లోంచి లోపలికి రావడమనే ప్రసక్తే లేదు. చదువు పూర్తయినవాడికే పెద్ద తలుపు తెరుచుకుంటుందని దీని అర్థమట. మా హెడ్మాస్టరు ఏటా సభలో ఈ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంటారు. పిల్లలు ఆయన్ని మైకు సారు అంటారు. ఎదురుగా మైకు ఉన్నా లేకపోయినా ఆయన గొంతు ఒకటే.

నేను అక్కడ సోషల్ టీచర్ని. బడికి నూరేళ్ళు నిండుతున్నాయని బడి చరిత్ర రాసే పని నా నెత్తిన పడేశారు. రాయడం నా వంతు, ఏం రాయాలో చెప్పడం ఉత్సవ కమిటీ వంతు. నిజానికి ఆ భవనం మొదట్లో ధాన్యపు గిడ్డంగి. బళ్ళు లోపలికి తోలడానికి వీలుగా పెద్ద తలుపు ముందు రాతి వాలు కట్టారు. అలాగే రాశాను. కమిటీ చదివి గిడ్డంగిని విజ్ఞాన భాండాగారం చేసింది. వాలును ఏంచేయాలో తోచక ఆ వాక్యమే కొట్టేసింది.

నాకు కావలసింది ఆ వాలే. మా అన్నయ్య కూతురు ఆ ఏడే మా బళ్ళో ఎనిమిదిలో చేరింది. చిన్నప్పుడు ప్రమాదంలో కాలు దెబ్బతిని చంకకర్రలతో నడుస్తుంది. నేల చదునుగా ఉంటే చాలు, నాకంటే ముందే వెళ్ళిపోతుంది. వెనక తలుపు దగ్గర మాత్రం నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. రోజూ పొద్దున మా అన్నయ్య దాన్ని ఎత్తుకుని మెట్లెక్కించి షాపుకు పోతాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి దించుతాడు. ఎదిగిన పిల్ల, బడంతా చూస్తుండగా తండ్రి చేతుల్లో వేలాడుతూ రావాలి.

ఒకరోజు ఇంటికొచ్చి సంచి మూలన పడేసింది.

"అత్తా, ఉత్సవాలదాకా చూస్తాను. ఆ తర్వాత బడికి రాను. బస్తాలా మోయించుకోవడం ఇంక నావల్ల కాదు."

"మోసేది నేను కదమ్మా, నీకేంటి కష్టం?" అన్నాడు మా అన్నయ్య.

"అదే నాన్నా కష్టం."

అది అన్నదంటే అన్నట్టే. మొండితనం మా ఇంట్లో పంచుకోకుండా మిగిలిన ఆస్తి. అన్నయ్య ముఖం కడుక్కునే వంకతో లేచి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు కమిటీ ముందు నిలబడ్డాను. ఒక్క పిల్ల కోసం పెద్ద తలుపు రోజూ తీయమన్నాను.

"నూరేళ్ళ సంప్రదాయమండీ మేడమ్!" అన్నాడు కమిటీ అధ్యక్షుడు. ఆయన బట్టల వ్యాపారి, మా బడి పాత విద్యార్థి. "ఆ తలుపులోంచి బయటికొచ్చిన రోజు నేను ఏడ్చేశాను తెలుసా?"

పదో తరగతి మూడుసార్లు రాసి గట్టెక్కిన మనిషి, ఏడవక ఏంచేస్తాడు?

"పోనీ, వెనకాల ఒక వాలు కట్టించండి సార్."

"చారిత్రక కట్టడం. ఇటుక కదపకూడదు" అన్నారు మైకు సారు. తన గదిలో ఏసీ కోసం గోడకు కన్నం పెట్టించింది అంతకుముందు వారమే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడితో వాదించవచ్చు. ఆ కుందేలుకు నూరేళ్ళని కూడా అంటే ఎలా వాదించడం?

ఈ సంప్రదాయం ఎవరు పెట్టారో వాళ్ళనే అడుగుదామని పాత హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళాను. అందరూ పెద్దసారు అంటారు. ముసలాయన కిటికీ పక్కన కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నారు. నేను అడిగింది విని దగ్గొచ్చేదాకా నవ్వారు.

"సంప్రదాయమా నా మొహమా! వానలకి తలుపు ఉబ్బి బిగుసుకుపోయిందమ్మా. వడ్రంగిని పంపమని పైఆఫీసుకి రాశాను. వడ్రంగి రాలేదు, ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నన్ను దొడ్డిదారిన తీసుకొస్తావా అని మండిపడ్డాడు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో నోటికొచ్చింది అనేశాను. చదువు పూర్తయినవాళ్ళకే మా బళ్ళో పెద్ద తలుపండీ అన్నాను. ఆయన పొంగిపోయి శభాష్ అన్నాడు. తర్వాత వడ్రంగి వచ్చాడు. ఏం లాభం? శభాష్ అనిపించుకున్న తలుపాయె! ఏడాదికోసారి తీయడానికి సరిపడా చిత్రిక పట్టించి ఊరుకున్నాను."

అంటే ఆ నూరేళ్ళ సంప్రదాయానికి నా వయసు కూడా లేదు. నేను మా మేనకోడలి సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మూయించింది నేను. ఉత్సవాల సభలో నేనే చెబుతాను" అన్నారు.

శనివారం పొద్దున పెద్ద తలుపు ఎదుటే సభ. పెద్దసారు లేచి నాకు చెప్పిందే, ఒక్క మాట దాచకుండా, అందరికీ చెప్పారు. తలుపు ఉబ్బింది, నేను భయపడ్డాను, అబద్ధమాడాను, ఇకనైనా తెరవండి అన్నారు. చప్పట్లు మారుమోగాయి.

మైకు సారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. "చూశారా పెద్దల వినయం! ఇంతటి సంప్రదాయాన్ని కాపాడి, తలుపు ఉబ్బిందని చెప్పుకుంటున్నారు! ఆ వినయానికైనా ఈ తలుపును మరో నూరేళ్ళు ఇలాగే ఉంచుదాం!"

మళ్ళీ చప్పట్లు. మా మేనకోడలు చంకకర్రలు దగ్గరికి లాక్కుంది. "పద అత్తా, ఇంటికి పోదాం" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

పెద్దసారు దాన్నే చూస్తున్నారు. తిన్నగా వచ్చి మైకు సారు చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"ఒకటి మరిచిపోయాను. స్థాపకుల కాలంలో ఇంకో సంప్రదాయం ఉండేది. రోజూ పొద్దున ఒక విద్యార్థి పెద్ద తలుపులోంచి లోపలికి నడవాలి. సాయంత్రం అటునుంచే బయటికి రావాలి. అది మానేసినప్పటినుంచే మన ఫలితాలు పడిపోయాయి."

"అవునవును! మా తాతగారు చెబుతుండేవారు!" అన్నాడు బట్టల వ్యాపారి.

మైకు సారు నా వైపు తిరిగారు. "మన చరిత్రలో ఇది ఉంది కదా మేడమ్?"

నేను లేచి నిలబడ్డాను. "ఉంది సార్" అన్నాను.

తలుపు తీశారు. మా మేనకోడలు రాతి వాలు మీద చంకకర్రలు ఆనించి, ఒక్కొక్క అడుగే వేస్తూ, ఎవరి చేయీ పట్టుకోకుండా లోపలికి వెళ్ళింది. కింద మా అన్నయ్య ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. నేను బాహాటంగా ఏడ్చాను.

"నిజం చెప్పారుగా సారూ, ఎందుకు వినలేదు?" అని తర్వాత అడిగాను.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. నిజమనేదానికి ఆ సౌకర్యం లేదమ్మా" అన్నారు పెద్దసారు.

తర్వాతి వారం మైకు సారు పిల్లలందరికీ బడి చరిత్ర మీద పరీక్ష పెట్టారు. దిద్దే పని నాదే. పెద్ద తలుపులోంచి రోజూ లోపలికి వచ్చే సంప్రదాయం ఎప్పటినుంచి ఉంది అన్నది మొదటి ప్రశ్న. నూరేళ్ళనుంచి అని అందరూ రాశారు. ఒక్క కాగితంలో మాత్రం పోయిన శనివారంనుంచి అని ఉంది. ఆ గుండ్రటి దస్తూరి నేను దిద్దించిందే. మార్కు వేస్తే తలుపు మూయాలి. సున్నా చుట్టాను.

ఆ సాయంత్రం అది కాగితం నా ముందు పెట్టింది.

"నేను రాసింది తప్పా అత్తా?"

"కాదు."

"మరి?"

"రేపు పొద్దున ఆ తలుపు తీసి ఉండాలా వద్దా?"

అది కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఉండాలి. కానీ మళ్ళీ అడిగితే మళ్ళీ ఇదే రాస్తాను" అంది.

"రాయి. నేను మళ్ళీ సున్నాయే వేస్తాను" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గేసింది. దాని మాటకు మాత్రం కడుపు నిండిపోయింది.