తొలి పెనం బెల్లం

పైగా ఇత్తడి పళ్ళెం ఒకటి, దానికి పసుపూ కుంకుమా, మధ్యలో బెల్లం దిమ్మ, ఈ సీజను చెరుకు రసం కాచిన తొలి పెనంలోదట, ఏనుగు గున్న నోట్లో ముఖ్య అతిథి చేత్తో పెట్టిస్తారట, పాలు తప్ప ఇంకేదీ పడని పసిగున్న నోట్లో, విజిటర్ సెంటరు గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాయించాను కదా గున్నకి ఏమీ పెట్టకండి అని, ఆ అక్షరాలకే అడ్డంగా మామిడాకుల తోరణం కట్టారు, నాకు ఒళ్ళు మండిపోతోంది, వచ్చినవాళ్ళకి నాలుగు మంచి ముక్కలు చెప్పమని నన్ను ఇక్కడ గైడుగా పెట్టింది ఈ ఊరి కమిటీవాళ్ళే, ఆ ముక్కలు ఊళ్ళోవాళ్ళకి తప్ప అందరికీ చెప్పాలి కాబోలు.

త్రినాధరావు గారు చెడ్డవాడైతే నాలుగు తిట్టి పోదును, మంచివాడు, కమిటీ ప్రెసిడెంటు, తల్లుల్లేని ఏనుగు పిల్లల్ని మనమే సాకుదాం అని ఊరంతా అనుకున్నప్పుడు తన చెరుకు మడి ఇచ్చేసినవాడు, అమ్మా తబితా, ఏటలా నిలబడిపోయేవు, తాళం తియ్యి, పెద్దాయన తుమ్మపాల దాటేరంట, వచ్చేత్తన్నారు అంటాడు, వద్దు బాబాయ్, గున్నకి పడదు, నిరుడు పోతురాజు ఎలా పోయేడో మర్చిపోయేరా అన్నాను, పోతురాజంటే ముందున్న గున్న, చూడ్డానికొచ్చిన జనం తలో ముక్కా బెల్లం పెట్టారు, ప్రేమగానే పెట్టారు, విరేచనాలు పట్టుకుని గడ్డి మీద కాళ్ళు చాపేసింది, ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది, దానికాయన అది దాని రాతమ్మా, ఇది ఇనాయకుడికి పెట్టేది, తొలి పెనం ఆయనకి పెట్టకుండా ఒక్క దిమ్మ బయటికెళ్ళదు, నువ్వు సర్చికెళ్ళే దానివి, నీకేటి తెలుత్తాది అన్నాడు, మెత్తగానే అన్నాడు, మెత్తగా అంటే తగలదా, పాలు కలిపినప్పుడు నా చర్చి వీళ్ళకి గుర్తు రాలేదు, జ్వరమొచ్చిన గున్న పక్కన గడ్డిలో పడుకున్నప్పుడు రాలేదు, వద్దన్నాక గుర్తొచ్చింది.

తాళం వేసిన తలుపు వెనక ఈ గున్న, పైడి, ఆ పేరూ ఊరు పెట్టుకున్నదే, నుదురు ఆనించి తోస్తోంది, పాలవేళ అనుకుంటోంది పిచ్చిది, కరెంటు తీగ తగిలి పడిపోయిన తల్లిని కూడా ఇలాగే నుదురుతో తోస్తూ కనపడిందట, లారీలోంచి దించినప్పుడు నా చీర కుచ్చిళ్ళు నోట్లో పెట్టుకుని చీకింది, మా అబ్బాయి స్టాన్లీ కూడా పసివాడప్పుడు అంతే, ఏది దొరికితే అది చీకేవాడు, వాడి బాప్తిస్మం రోజున కడుపు బాగులేక వాడు వడలిపోయి ఉంటే మా అత్త స్వర్ణకుమారి వేలికి పాయసం రాసుకుని వచ్చింది, ఈ పూట తీపి నాకించకపోతే ఎలాగే అని, నేను ఆ చెయ్యి ఒక్క తోపు తోశాను, పాయసం ఆవిడ కొత్త చీర మీద పడింది, చర్చి అయ్యగారు అక్కడే ఉన్నారు, పెద్దలందరూ ఉన్నారు, దేవుడి పూట అపచారం చేశావని ఒక్కరూ అనలేదు, తల్లి కదా, ఊరుకోండి అన్నారు.

డప్పులు మొదలయ్యాయి, కారు తలుపు చప్పుడు, తాళం ఇలాగియ్యమ్మా అంటూ త్రినాధరావు గారు చెయ్యి చాపాడు, పళ్ళెం పట్టుకున్న బుల్లమ్మ నా వంక చూడకుండా ఎటో చూస్తోంది, తల్లి కదా ఊరుకోండి అనిపించుకోవడానికి పైడికి ఎవరున్నారు, పాలు పోస్తున్నాం, గడ్డి పరుస్తున్నాం, నోటిదాకా వచ్చిన చెయ్యి తోసేవాళ్ళే లేరు దానికి, అనాథ అనాథ అని రోజూ ఇదే హాల్లో నిలబడి పదిమందికి చెప్తున్నానే, ఆ మాట అర్థం ఇదా, ఇంతేనా, తాళం జాకెట్లో దోపుకుని తలుపుకి వీపు ఆనించాను, అవతల నుంచి నుదురు మెల్లిగా తోస్తోంది, బాబాయ్, ఆ బెల్లం గుడికి తీసుకెళ్ళి ఇనాయకుడికి పెట్టండి, పళ్ళెం నేనే మోసుకొత్తాను, ఈ పిల్లకి మాత్రం పెట్టనివ్వను, దీనికి నేనున్నాను.