నా కూతురి ఎడమ బుగ్గ

"ఒరేయ్, బుగ్గలు ఉబ్బించడం కాదురా వాయించడమంటే! గాలి పొట్టలోంచి రావాలి. అదిగో, తైయల్‌ని చూసి నేర్చుకోండ్రా. ఆ ఎడమ బుగ్గ చూడండి, వీసమెత్తు కదలట్లేదు!"

రెండేళ్లుగా నా శిష్యులకి ఇదే పాట. మా ఊరు వలంగైమాన్‌లో నాదస్వరం నేర్పేవాళ్లలో నా అంత నోటిదురుసు మనిషి లేడు. అలాంటి నేను పొగిడిన ఒకే ఒక్క బుగ్గ నా కూతురు తైయల్‌నాయకిది. పదమూడేళ్ల పిల్ల. ఆ పొగడ్తకి పొంగిపోయి ఇంకా ఇంకా సాధన చేసేది. ఈ ఆడిపూరానికి, అమ్మవారి పండక్కి, గుడిలో మొదటిసారి తనే వాయించాలి.

నా భార్య అముదవల్లి మాత్రం జడ వేసేటప్పుడల్లా సణిగేది. "పిల్ల మొహం ఒకవైపు చిక్కిపోతోందయ్యా. ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం."

"నీకేం తెలుసే? అది సాధనతో వచ్చిన బుగ్గ" అని నోరు మూయించాను.

చివరికి తైయల్ పెదవి మూల వంకరపోయింది. నోట్లో పెట్టుకునే నాదస్వరం పీక పక్కనుంచి గాలి పోయి స్వరం చీలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పండగ పది రోజులుందనగా తంజావూరు తీసుకెళ్లాను.

డాక్టరమ్మ బుగ్గ నొక్కి చూసింది. చర్మం కింద కొవ్వూ కండా కరిగిపోయే జబ్బట. ఎక్కడో ఒకరికి వస్తుందట. ఊదడం వల్ల వచ్చింది కాదట.

"ఇంకా కరుగుతూనే ఉంది. ఆపడానికి మందు మొదలుపెడదాం, ఆగుతుందని మాటివ్వలేను. పోయింది మాత్రం మందుతో తిరిగి రాదు. రెండేళ్ల ముందే ఎందుకు తీసుకురాలేదండీ?"

నేను తల దించుకున్నాను. అముదవల్లి మందుల చీటీ అందుకుని కొంగున ముడేసుకుంది. తిట్టినా బాగుండేది.

బస్సులో తైయల్ ఎడమ చెంప కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. "అయితే నాన్నా, ఇన్నాళ్లూ నువ్వు మెచ్చుకున్నది నన్ను కాదా? జబ్బునా?"

"కాదు తల్లీ" అన్నాను. అబద్ధమని దానికీ తెలుసు.

ఇంటికి రాగానే నాదస్వరం అందుకుంది. నా బొటనవేలు తీసుకుని తన పెదవి మూల పెట్టుకుంది. "అదిమిపట్టు నాన్నా. గుడిలో కూడా పక్కనే నిలబడి ఇలాగే పట్టుకో. ఎవరేమనుకున్నా సరే."

కళ్లు మూసుకుని ఊదింది. నా వేలికి పళ్లు తగిలాయి. మధ్యలో బుగ్గ లేదు. గాలి నా గోటి పక్కనుంచి బుస్సుమని పోయింది.

"ఇంకా గట్టిగా నాన్నా" అంది.

అదిమాను.