కూజా మీద చివరి బాతు

కూజా మీద చివరి బాతు నలిగిపోవడానికి కారణం భార్య చెయ్యి. కూజాది తప్పు కాదు. పెద్దాయన దగ్గర ఈ తగువుకు తీర్పు ఎప్పుడో అయిపోయింది. ఆవిడ పోయినంత మాత్రాన తీర్పు మారదు.

కూజా కొన్నది ఆయన. కొట్టి చూసి, తిప్పి చూసి, దుకాణంవాడు విసుక్కునేదాకా ఏరి తెచ్చాడు. దాని పొట్ట చుట్టూ బాతుల వరస వేసింది ఆవిడ. అన్నీ బొద్దుగా కుదిరాయి. చివరిది మాత్రం ముగ్గురి సీట్లో నాలుగోవాడిలా ఇరుక్కుంది.

"కూజాయే వంకర," అనేది ఆవిడ.

"నీ చెయ్యే వంకర," అనేవాడు ఆయన.

"దారం పెట్టి కొలుద్దాం రా."

"కళ్లుండగా దారం దేనికి?"

పొద్దున ఆయన ఆ బాతును గోడవైపు తిప్పేవాడు. సాయంత్రానికల్లా అది మళ్లీ గదిలోకి చూస్తూ ఉండేది. కాపురం పొడుగునా కూజా అలా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు తిప్పేవాళ్లు లేరు. బాతు గోడనే చూస్తోంది.

కూతురి ఉద్యోగం కంప్యూటర్‌లో ఇళ్లు కట్టడం. కళ్లకు పెద్ద అద్దాలు తగిలించుకుంటే ఆ ఇళ్లలో తిరిగి రావచ్చు. సిమెంటు అక్కర్లేదు, అద్దె రాదు. ఆ ఆదివారం ఆమె కూజాను బల్ల మీద పెట్టి చుట్టూ ఫోటోలు తీసింది. కొత్తగా కడుతున్న ఇంట్లో, కిటికీ పక్కన, అమ్మ కూజా ఉండాలట.

"ఉన్నదున్నట్టు పెట్టు," అన్నాడు పెద్దాయన. "చివరి బాతుతో సహా. తప్పెవరిదో లోకమంతా చూడనీ."

ఆమె కంప్యూటర్‌లో గుండ్రటి కూజా ఒకటి చేసి, ఫోటోల్లోంచి తీసిన బొమ్మను దానికి చొక్కాలా తొడిగింది. తొడగ్గానే మెడ దగ్గర రంగంతా మూట మూతిలా ముడుచుకుంది. వెనకవైపు, బొమ్మ అంచులు రెండూ కలిసేచోట, ఒక బాతుకు తల ఇటు, తోక అటు అయ్యాయి.

అల్లుడు టీ గ్లాసులతో వచ్చి తొంగిచూశాడు. "మామయ్యా, మీ బాతును కోసేశారు."

"కోసింది నీ పెళ్లాం."

"కమలాపండు తొక్క ఒలిచి బల్ల మీద పరిచి చూడు నాన్నా. చిరగకుండా పరుచుకుంటుందా? ఇదీ అంతే. ఎక్కడో ఒకచోట కోత తప్పదు. అది కంటపడకుండా చూసుకోవాలి."

కూతురు ఆ కోతను రెండు బాతుల మధ్య ఖాళీలోకి జరిపింది. మెడకు విడిగా ఒక ముక్క కత్తిరించి తొడిగింది. ముడతలు పోయాయి. బాతులన్నీ ఒళ్లు సర్దుకుని నిలబడ్డాయి. చివరిది మాత్రం నలిగే ఉంది.

ఆమెకు అనుమానం వచ్చింది. బొమ్మ తీసేసి చదరంగం గళ్లు తొడిగి చూసింది. ఒక్క గడీ కూడా సాగలేదు, నలగలేదు.

"నా తొడుగులో తప్పు లేదు," అంది.

"మీ అమ్మ చెయ్యి. నేనెప్పుడో చెప్పా." పెద్దాయన కాలు మీద కాలేసుకుని రెండో టీ అడిగాడు. ఈమధ్య ఆయన ఇంత హుషారుగా ఉన్న రోజు లేదు.

కూతురు ఊరుకోలేదు. ఒక ఫోటోను ఆ గుండ్రటి కూజా మీద ఆనించి చూసింది. ఫోటోలోని కూజా అంచులు దీని అంచులతో కలవలేదు.

"నాన్నా, నీ కూజా గుండ్రంగా లేదు. ఒక పక్క కోసుగా పొడుచుకొచ్చి ఉంది."

"లారీ తోలినవాణ్ణే! బెత్తెడు సందు ఉంటే చాలు, గీత పడకుండా బయటికి తెచ్చేవాణ్ణి. నా కంటికి వంకర తెలీదా?"

"లారీ పలకగా ఉంటుంది మామయ్యా. ఇది కూజా," అన్నాడు అల్లుడు.

ఆమె కూజాను మళ్లీ చేసింది, ఈసారి ఆ కోసుతో సహా. బాతులను తొడిగింది. తరవాత తొక్క ఒలిచినట్టు ఒలిచి తెర మీద పరిచింది. బాతులు వరసగా నడుస్తున్నాయి. అన్నీ ఒకే పొడుగు. చివరిదీ అంతే.

"చూశావా? ఆ కోసు దగ్గర ముక్కు ఒక పక్కకి, తోక ఇంకో పక్కకి వంగి వెనక్కి పోయాయి. ఎదురుగా నిలబడితే నడుము ఒక్కటే కనబడుతుంది. అమ్మ అన్నీ ఒకే కొలతలో వేసింది."

"కంప్యూటర్‌కేం, నువ్వు ఏం పాడమంటే అది పాడుతుంది."

ఆమె అమ్మ కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

పెద్దాయన బొద్దుబాతును ముక్కు నుంచి తోకదాకా కొలిచి ముడి వేశాడు. దారాన్ని చివరి బాతు మీద, కూజా వంపు వెంట వేలితో అదుముతూ పరిచాడు. ముడి సరిగ్గా తోక కొస మీద పడింది. మళ్లీ పరిచాడు. మళ్లీ అక్కడే.

"మామయ్యా, మరి ఆ తీర్పు..."

"టీ చల్లారిపోతోంది. తాగు."

కూతురు నవ్వు ఆపుకుంటూ అడిగింది. "ఏ కూజా పెట్టమంటావు నాన్నా? గుండ్రందా, వంకరదా?"

"వంకరదే."

ఆయన లేచి అసలు కూజాను అరలో పెట్టాడు. చివరి బాతును గదివైపు తిప్పాడు. రవ్వంత పక్కకి జరిగిందేమోనని మరోసారి సర్దాడు. వెనక ఇద్దరూ కిసుక్కుమన్నారు.

"కూజా మాట గానీ, బాతు మాట గానీ ఈ ఇంట్లో ఇక ఎవరూ ఎత్తకూడదు," అన్నాడు వాళ్లవైపు తిరక్కుండానే. "నేనూ ఎత్తను. చచ్చినా ఎత్తను."